ఆడపడుచు వాటాయు, ఇంటి విడుపును

ఇల్లు కట్టుకొనువాడు తన స్థలము నంతయు గోడలతో నింపివేయరాదనియు, ముందు వెనుకలను ప్రక్కలను కొంత జాగ విడువవలయుననియు నేటి నియమములు శాసించుచున్నవి. ఈ విడిచిన జాగనే యింజనీర్లు సెట్‌బ్యాక్ అందురు. జనులకును ఆ మాటయే యలవాటైనది. మేమీ వ్యాసమున దానిని విడుపు అని పిలిచెదము. విడుపు మంచిదా, చెడ్డదా యని మే మిక్కడ వాదింపబోవుట లేదు, అది మంచిదే. అయితే మంచి నియమము సయితము ఒక్కొక్కచోట అన్యాయము చేయును. అట్టిచోట దానిని సడలింపవలసినవా రెవరు? ఏ కారణమున, ఎవరి యెదుట సడలింపవలెను? ఇదియే మా ప్రశ్న.

విడుపువలని మేలు ముందుగా చెప్పుట న్యాయము. ఇండ్లు ఇరుకు సందులలో ఒకదానిపై నొకటి పడినట్లున్నచో వెలుతురు రాదు, గాలి పాఱదు, మురికినీరు నిలిచిపోవును. నిప్పంటుకొన్నచో ఒక యింటినుండి మఱియొక యింటికి చూచుచుండగనే ప్రాకును. మా నవాబుపేటకు దాపుననున్న అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది 1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు నగరమును ముంచెత్తెను. ఆ వెనుక 1912లో నిజాం ప్రభుత్వము సిటీ ఇంప్రూవుమెంటు బోర్డును స్థాపించి, ఇరుకు బస్తీలను విప్పించి, వీథులను వెడల్పు చేయించి, గాలియు వెలుతురును గల యిండ్లను కట్టించెను. ఊపిరాడని యిండ్లలో రోగము పెరుగుననుట నాటివారు కన్నులార చూచిన సత్యము. కావున విడుపును నిందించువారితో మాకు పొత్తు లేదు.

నేడు తెలంగాణమున పట్టణములకు వర్తించు గృహనిర్మాణ నియమావళి 2012 ఏప్రిల్ 7వ తేదీన ఉమ్మడి రాష్ట్రమున వెలువడినది. రాష్ట్రము విడిపోయిన పిమ్మటను, సవరణలతో, అదియే నిలిచినది. గ్రామ పంచాయతీలకు 2002లో వేఱుగా నియమము లేర్పడినవి. అయినను మా వంటి పల్లెలలో ప్లాను గీయువారు వికారాబాదు, తాండూరు పట్టణములలో వాడు పట్టికనే ముందుంచుకొని గీయుట వాడుకగా నున్నది. ఆ పట్టిక ప్రకారము 100 మొదలు 200 చదరపు మీటర్లవఱకు గల స్థలమున, వీథి 12 మీటర్లకు మించనిచో, ముందు ఒకటిన్నర మీటరును, తక్కిన ప్రక్కల నొక్కొక్క మీటరును విడువవలెను. వెడల్పు గల స్థలమునకు ఇది భారము కాదు. ఇరుకైన స్థలమునకో, ఇదియే ప్రాణసంకటము.

ఇరుకు స్థలము లెట్లు పుట్టినవి? పాత యూరి నడుమ జనులు తరతరములుగా నివసించు భూమిని గ్రామకంఠమందురు. మా వైపున ఆబాది యనియు నందురు. అది యెవరును కాగితముపై గీతలు గీసి పంచిన భూమి కాదు. ముందు మిద్దెలు లేచినవి. వాని నడుమ మిగిలిన జాగయే సందైనది. తండ్రి పోయిన పిమ్మట కొడుకులు పంచుకొనునప్పుడు ప్రతివానికిని వీథిమొగము కావలెను గదా! అందుచే స్థలమును నిలువునా చీల్చిరి. ఒక తరమున ముప్పదియడుగులున్న వెడల్పు మఱుతరమున పదునైదడుగులైనది. ఈ యిండ్లు నియమమును మీఱి పుట్టినవి కావు. నియమము పుట్టకముందే పుట్టినవి. వానిని అక్రమములనుట తాతను మనుమని పెండ్లిపత్రికలో వెదకుట వంటిది.

ఇప్పుడు మా యింటి సంగతి చెప్పెదము. నవాబుపేటలో మా తాతగారి స్థలము వీథివైపున 54 అడుగుల వెడల్పును, లోపలికి 72 అడుగుల పొడవును గలది. ఆయనకు ఇద్దఱు కొడుకులు, మా తల్లి, మా చిన్నమ్మ. మా తల్లి తన భాగమును చెల్లెలికే విడిచిపెట్టినది. చిన్నమ్మకు భర్త పోయిన పిమ్మట పుట్టినయూరు చేరి, కుట్టుమిషను పెట్టుకొని బ్రదుకవలెనను కోరిక కలిగినది. మేనమామ లిరువురును చెడ్డవారు కారు. మూడు భాగములు చేసి, సందువైపు చివరిభాగమును చెల్లెలికి చూపిరి. పదునెనిమిదడుగుల వెడల్పు, 72 అడుగుల పొడవు. అనగా 144 గజములు, సుమారు 120 చదరపు మీటర్లు.

ఈ వాటా యనునది ఆమెకు ఎవరో దయతో నిచ్చిన కానుక కాదని మా చదువరులు ఎఱుగుదురు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి కూతుండ్రకు పిత్రార్జితమున కొడుకులతో సమానమైన పాలు కలుగునట్లు చట్టము చేసినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమున 23వ విభాగ మొకటి యుండెడిది: కుటుంబము నివసించు నింటిని మగవారసులు తమంతట పంచుకొనునంతవఱకు ఆడువారు పంపకము కోరరాదని దాని సారము. ఇంటిలో పాలున్నది కాని పంచుమని యడుగు నోరు లేదన్నమాట. 2005 సెప్టెంబరు 9న అమలులోనికి వచ్చిన సవరణము ఆ విభాగమును తొలగించినది. కూతురి హక్కు పుట్టుకతోడనే వచ్చుననియు, ఆ సవరణనాటికి తండ్రి బ్రదికియుండుట యవసరము కాదనియు 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతాశర్మ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. ఇన్ని యేండ్ల పోరాటము ఫలించి ఆడుదాని కాలు పుట్టినింటి గడపపై నిలిచినదని మేము సంతోషించితిమి. అంతలో కొలతటేపు వచ్చి అడ్డుపడినది.

ప్లాను గీయ వచ్చిన యింజనీరు లెక్క వేసి చూపెను. రెండు ప్రక్కల నొక్కొక్క మీటరు విడిచినచో పదునెనిమిదడుగులలో ఆఱున్నర యడుగులు పోవును, పదునొకండున్నర మిగులును. అందు గోడల మందము తీసివేయగా లోపల పదియడుగులు. ఒక మంచము అడ్డముగా వేసినచో మనిషి దాటుటకు సందు మాత్రమే యుండును. ఇదియే విడుపు అన్నలకు తగులలేదా యందురేమో? వారి భాగములమీద పాత మిద్దె నిలిచియే యున్నది. దానిని కూల్చి కట్టునంతవఱకు వారి జోలికి వచ్చువా రెవరును లేరు. చిన్నమ్మ భాగమున నున్న పసుల కొట్టము ఏనాడో కూలినది. ఒకే స్థలము, ఒకే పంపకము. అయినను నియమపు బరువంతయు కడపట వచ్చిన యాడపడుచుపైననే పడినది. ఆమె పాలు కాగితముపై సమానము, నేలపై సగము.

ఆ సాయంకాలము పెద్దమామ చెల్లెలిని పిలిచి మెల్లగా ననెను: "చెల్లే, నేను కాదంటనా? ఆ జాగల ఇల్లు లేవదంటున్నరు. మేమిద్దరం కలిసి నీ పాలుకు పైసలిస్తం, తీసుకో. నీకే సుఖం."

"అన్నా, నాకు పైసలొద్దు, జాగ కావాలె. పైసలు ఏడాదికి ఒడుస్తయి. నాయిన గడప మీద నాకు గూడ ఒక కాలుండాలె," అని చిన్నమ్మ బదులు చెప్పెను.

మామ దురుద్దేశముతో నన్నాడని మే మనము. కాని ఇట్టి మాట ఎన్ని యిండ్లలో వినబడుచున్నదో చదువరులు యోచింపవలెను. పూర్వము "ఆడుదానికి ఇంటిలో పాలేమిటి?" అనెడివారు. ఇప్పుడట్లనుటకు వీలు లేదు. "పాలు నీదే, కాని నియమము ఒప్పుకొనదు" అనుట సులభమైన దారి. గాలికొఱకు వెలుతురుకొఱకు పుట్టిన నియమము, ఎవరును తలపెట్టకయే, ఆడపడుచును గడప దాటించుటకు సాకగుచున్నది.

ఇట్టి యిక్కట్టునకు నియమావళిలో మార్గము లేదా యని మేము వెదకితిమి. కొంత యున్నది, ఉన్నది విచిత్రముగా నున్నది. ముందు విడుపు దక్క తక్కిన విడుపులలో నూటికి పదివంతులవఱకు జరిగిన యతిక్రమణను, రుసుము గైకొని, కారణము వ్రాసి మన్నించు నధికారము స్థానికసంస్థకు 2012 నియమావళి యిచ్చినది. ఒక మీటరులో పదియవ వంతు ఎంత? బెత్తెడు. ఆ బెత్తెడు మన్ననయు కట్టి తప్పినవానికి గాని, కట్టకముందు వచ్చి యడిగినవానికి కాదు. ఇంకొక సడలింపు కలదు: వీథి వెడల్పు చేయుటకై తన నేలను ఉచితముగా విడిచినవానికి, మిగిలిన స్థలమున విడుపులు తగ్గించుకొన నిత్తురు. ఇది న్యాయమే. ప్రభుత్వము నేల తీసికొనుటచే స్థలము ఇరుకైనప్పుడు కలుగు కష్టము నియమమునకు కనబడినది. అన్నచెల్లెండ్ర పంపకముచే నిరుకైనప్పటి కష్టము మాత్రము కనబడలేదు.

అడుగక కట్టినవారికో, ఎప్పటికప్పుడు ద్వారములు తెఱచుచునే యున్నారు. 2007 డిసెంబరు 31న అనుమతి లేని కట్టడములకు అపరాధరుసుముతో క్రమబద్ధీకరణ పథకమొకటి వెలువడినది. 2015 నవంబరులో తెలంగాణమున మఱియొకటి వచ్చి హైకోర్టు వ్యాజ్యములలో చిక్కుకొన్నది. ఇట్టి పథకములు జనులకు నేర్పు పాఠమేమి? "అడిగినచో కాదందురు, కట్టివేసి కాచుకొనియున్నచో ఒకనాడు రుసుము పుచ్చుకొని యౌనందురు" అని కాదా? నియమమును గౌరవించి ముందుగా నడుగవచ్చిన విధవరాలు ఊరకుండవలెను. రాత్రికి రాత్రి స్లాబు వేసినవాడు రసీదు చేతబట్టుకొని తిరుగవలెను. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు మీరట్టునందలి యొక కట్టడమునుగూర్చిన వ్యాజ్యమున, కాలము గడచినంత మాత్రమున, డబ్బు వెచ్చించినంత మాత్రమున అక్రమకట్టడము సక్రమము కానేరదని గట్టిగా చెప్పినది. ఆ తీర్పు మాకు సమ్మతమే. కాని వెనుకద్వారమును మూయువారు ముందుద్వారమును తెఱవవలెను గదా!

ఆ ముందుద్వార మెట్లుండునో అమెరికా దేశమున చూడవచ్చును. న్యూయార్కు నగరమున 1915లో ఈక్విటబుల్ భవనమను పెద్ద మేడ కొంచెమైనను వెనుకకు తగ్గక నిట్టనిలువుగా లేచి, ఇరుగుపొరుగు కట్టడములపై నీడ క్రమ్మెను. దానిచే కలిగిన కలవరము తోడుకాగా 1916లో ఆ నగరము విడుపులను నిర్ణయించు శాసనమును చేసినది. ఆ శాసనముతో పాటే, నియమము అక్షరాల పాటించుట అనవసరమైన కష్టము కలిగించుచోట దానిని సడలించుటకు ఒక సభనుకూడ ఏర్పఱచినది. ఇట్టి సడలింపును అక్కడివారు వేరియెన్సు అందురు. అచ్చట నియమమును, దాని మినహాయింపును కవలపిల్లలవలె పుట్టినవి. 1926లో యూక్లిడ్ గ్రామ వ్యాజ్యమున ఆ దేశపు సుప్రీంకోర్టు ఇట్టి శాసనములను సమర్థించినది. శాసనమునకు ముందే యున్న యిండ్లను నియమమునకు సరిపడనివనుటయే కాని నేరములనుట అక్కడ లేదు.

పెద్దమామ కొడుకు, మాకు బావ యగువాడు, ఆ దేశమున నొక చిన్న పట్టణమున నున్నాడు. అతని యిల్లు మూలమీదిది, పాతది. వీథికి నేటి నియమము కోరుదానికంటె దగ్గఱగా నున్నది. చిన్నపిల్ల వీథిలోనికి పరుగెత్తుచున్నదని ఆఱడుగుల కంచె వేయదలచెను. నియమము ఆ ప్రక్కన నాలుగడుగులే యొప్పుకొన్నది. అతడు దరఖాస్తు పెట్టగా చుట్టుప్రక్కల యిండ్లవారి కందఱికిని ఉత్తరములు పోయినవి. సభనాడు పొరుగింటి ముసలమ్మ లేచి, "కంచె మూలదాక వచ్చినచో నేను కారు వెనుకకు తీయునప్పుడు నడచువారు కనబడరు" అన్నదట. సభవారు కంచెకు ఆఱడుగులు ఒప్పుకొని, మూలనుండి కొంత వెనుకకు జరుపుమని వ్రాసియిచ్చిరి. ఈ సంగతి బావ తండ్రికి ఫోనులో చెప్పి, "నాయినా, నన్నడిగిన్రు, పక్కింటామెను గూడ అడిగిన్రు. అత్తమ్మ ముచ్చట గూడ అట్లనే అడుగరాదా?" అనెను. కొడుకు మాట పెద్దమామ మనస్సున నాటినది.

ఇక్కడ నొక యాక్షేపణ కలదు. పొరుగువారిని పిలిచి యడుగుటయనగా వాడలు వేఱుగా నున్న మన పల్లెలలో కులపంచాయతీకి క్రొత్త కుర్చీ వేయుటయే కాదా యని మా మిత్రులొకరు ప్రశ్నించిరి. ఆక్షేపణ బలమైనది. అమెరికాలోనే లూయీవిల్ నగరము నల్లవారు తెల్లవారి వీథిలో నివసింపరాదని శాసనము చేయగా, 1917లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేయవలసివచ్చెను. మన యూళ్ళలోను "వీరు మా సందులో ఇల్లు కట్టరాదు" అనువారు లేకపోలేదు. కాబట్టి పొరుగువాని మాట వినవలెను గాని పొరుగువానికి అధికార మీయరాదు. అడుగవలసిన ప్రశ్న నేలను గూర్చినదే కాని మనిషిని గూర్చినది కారాదు. నీ వెలుతురు పోవునా? నీ దారి మూసికొనునా? నీ చూరునీరు ఎక్కడికి పోవును? నిప్పంటుకొన్నచో నీళ్ళబండి తిరుగునా? ఇంతే. ఇంటిలో నుండబోవువారి కులము, మతము, వైధవ్యము సభకు వినబడరానివి.

ఇట్టి సభ చట్టమున లేకపోయినను మేమొకటి జరిపి చూచితిమి. ఒక యాదివారము సందులోని ఆఱిండ్లవారు మా యింటి యరుగుమీద కూర్చుండిరి. చిన్నమ్మ అప్పటికే తన హద్దు తెలియుటకై కడీలు నాటించి తీగె కట్టించియుండెను. సందు వీథిలో కలియుచోట మూలకడీవలన ట్రాక్టరు తిరుగుట లేదని ఒకరు చెప్పిరి. పట్టణములలో 12 మీటర్లకు లోపైన వీథుల కూడలిలో మూలస్థలమున ఒకటిన్నర మీటరు చొప్పున కోసి విడువవలెనని నియమము కలదు. అదే కొలతకు చిన్నమ్మ కడీని వెనుకకు తీయించినది. ఎదురింటి ముసలవ్వ వానకాలమున నీరు ఆ కంచెక్రిందుగానే పోవునని చెప్పగా, అక్కడ గోడ కట్టక తీగెయే యుంచుటకు ఒప్పుకొన్నది. ఇరువదియేండ్లు అడ్డులేక అనుభవించిన దారియు, నీటిపాఱుదలయు హక్కగునని చట్టము చెప్పునది ఆ యవ్వకు తెలియదు. కాని న్యాయమేదో తెలియును.

అన్నకును చెల్లెలికిని నడుమ విడుపెందుకని చిన్నమామయే యడిగెను. రెండిండ్లకు నుమ్మడిగోడ యొకటి చాలును. సందువైపున మాత్రము మీటరు విడిచినచో వెలుతురు ఆవైపునుండియే వచ్చును. అప్పుడు చిన్నమ్మకు వెడల్పు పదునాలుగడుగులకు పైగా మిగులును. ముందు ఒకటిన్నర మీటరును, వెనుక పెరటిని మువ్వురును ఖాళీగా నుంతురు. ఇది వింత యూహ కాదు. గోడకు గోడ కలిపి వరుసగా కట్టు నిండ్లను 2012 నియమావళియే క్రొత్త లేఅవుట్లలో ఒప్పుకొన్నది. వ్యాపారి వేసిన వరుసయిండ్లకు తగిన పద్ధతి అన్నచెల్లెండ్రకు తగకపోవునా? మువ్వురును కాగితము వ్రాసికొని చేవ్రాళ్ళు చేసిరి. పెద్దమామ పైసల మాట మఱల నెత్తలేదు. అయినను ఆ కాగితము కుటుంబమున చెల్లునే కాని అనుమతి కాజాలదు. అనుమతి లేని యింటికి బ్యాంకువా రప్పీయరు. ప్లాను చుట్ట చుట్టి బీరువాలో నున్నది. చిన్నమ్మ మిషను అన్నగారి యరుగుమీదనే యాడుచున్నది.

ప్రభుత్వమువారికి మేము విన్నవించున దింతియే. గ్రామకంఠమునందు పంపకముచే నిరుకైన స్థలములకు, కట్టకముందే సడలింపు కోరు హక్కు నీయవలెను. ఆ కోరికను విచారించు సభ జిల్లాలో నొకటియైన నుండవలెను. అందు ఆడువారును, వాడలవారును కూర్చుండవలెను. కష్టము నేలవలన వచ్చినదా, అత్యాశవలన వచ్చినదా యని సభ మొదట తేల్చవలెను. పదునెనిమిదడుగులవాని యిరుకు వేఱు. రెండువందల గజములలో మూడంతస్తులు కోరువాని యిరుకు వేఱు. పొరుగువారికి ముందుగా తెలిపి, వారి మాట విని, అవసరమైనంత మాత్రమే సడలింపవలెను. ఔనన్నను కాదన్నను కారణము తెలుగున వ్రాసి పంచాయతీ గోడకు అంటింపవలెను. గోడకంటించిన కారణమును ఊరందఱు చదువుదురు. అట్టి కారణమును డబ్బుతో కొనుట కష్టము.

మా చదువరులైన గృహిణులకును, గృహస్థులకును ఒక్కమాట. ఇంటిలో పంపకము జరుగునప్పుడు స్థలమును నిలువున చీల్చుటకు ముందే కొలత చూచుకొనుడు. ఆడపడుచు భాగమున ఇల్లు లేచునా యని ముందే యడుగుడు. లేవనిచో ఉమ్మడిగోడకును ఉమ్మడిపెరటికిని ఆనాడే దస్తావేజులో చోటుంచుడు. చట్టము మాఱుటకు కాలము పట్టును. దస్తావేజు వ్రాయుట మన చేతిలో నున్నది.